పదిహేనేళ్లు నిండిన బైకును ఆర్టీఓకు తీసుకుపోయే ముందు



ఈ మధ్య మన గుంపులో ఒక మెసేజ్ తిరిగింది. పదిహేనేళ్లు దాటిన బైకులన్నీ తుక్కుకే పోవాలంట, పోలీసులు పట్టుకుంటే వాపసు ఇవ్వరంట అని. అది చదివి కొందరు బాగా నడిచే బండిని పాత ఇనుము ధరకు ఇచ్చేయాలని చూశారు. కొనేవాళ్లు కూడా సరిగ్గా అప్పుడే ఊర్లోకి దిగారు. అందుకని ఈసారి ఆకు, పురుగు సంగతులు పక్కన పెట్టి బండి సంగతి రాస్తున్నాం. బండి లేకుంటే తోటలోని ఆకు షెడ్డుకు రాదు, షెడ్డులోని గూడు మార్కెట్టుకు పోదు.

ఆ మెసేజ్‌లో ఉన్నది ఢిల్లీ సంగతి. ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాల్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా దానికే ఒప్పుకుంది. కోలారుకు, చింతామణికి, హోసూరుకు ఆ ఆదేశం లేదు. మనకు వర్తించేది 1988 మోటారు వాహనాల చట్టం. దాని 41వ సెక్షన్ ప్రకారం సొంత వాడకం బండికి ఆర్సీ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి, ఫీజు కట్టి, ఐదేళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. బండి రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉంటే ఇరవై, ఇరవై ఐదేళ్లయినా నడుపుకోవచ్చు.

కానీ తేదీ దాటిపోతే మాత్రం సంగతి వేరే. ఆర్సీ ముగిసిన రోజు నుండి, మళ్లీ పొడిగించేదాకా, ఆ బండి రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. 192వ సెక్షన్ కింద మొదటిసారి పట్టుబడితే 2,000 నుండి 5,000 రూపాయల దాకా జరిమానా. జరిమానా కట్టేసి ఇంటికి రావచ్చు, అది పెద్ద దెబ్బ కాదు. అసలు దెబ్బ ఇన్సూరెన్సులో ఉంది. మన బండి ఎవరికైనా తగిలి వాళ్లకు పెద్ద గాయమైతే, పరిహారం లక్షల్లో ఉంటుంది. ఇన్సూరెన్సు కట్టి ఉన్నా, ఆర్సీ చెల్లకుంటే కంపెనీ పక్కకు తప్పుకునే దారి వెతుకుతుంది, లేదా ముందు తాను కట్టి తర్వాత మన దగ్గర వసూలు చేసుకుంటానంటుంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన ఒక బండి కేసులో, అది పాలసీ షరతులను మూలంలోనే తప్పినట్టు అని 2014లో సుప్రీంకోర్టు తేల్చి, బండి యజమానికి నష్టపరిహారం ఇవ్వలేదు. రెండు పంటల గూళ్ల డబ్బు పోయినా కోలుకుంటాం. తోట మీదికి వస్తే కోలుకోలేం.

*ఫీజు ఎంత*

2022 ఏప్రిల్‌కు ముందు బైకు ఆర్సీ పొడిగింపుకు 300 రూపాయలు ఉండేది. అప్పటి నుండి 1,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన బైకుకు 2025 ఆగస్టు నుండి 2,000. తేదీ దాటితే నెలకు 300 చొప్పున అదనం, అంటే ఏడాది ఊరికే ఉంటే 3,600 పైనే. హరిత పన్ను, కార్డు ఖర్చు వేరే. హరిత పన్ను రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది, కాబట్టి మీ ఆఫీసు బోర్డు మీద చూసుకోండి. బ్రోకరు చెప్పే మొత్తంలో ఇవన్నీ కలిపేసి చెప్తాడు. రసీదు అడిగితే ఏది ఎంతో తెలుస్తుంది.

ఇక మా వైపు రైతుల ఇళ్లలో ఎక్కువగా కనబడే స్ప్లెండర్ ప్లస్‌నే ఉదాహరణగా తీసుకుంటాం. 2009, 2010లో కొన్నవాటికి ఇప్పటికే పదిహేనేళ్లు నిండాయి, మిగతావి వరుసలో ఉన్నాయి. తనిఖీకి తీసుకుపోయి వచ్చినవాళ్లని, ఊర్లో మెకానిక్కులని అడిగి రాసుకున్నదే ఇది. అందరూ ఇంజన్ గురించే భయపడతారు. ఆ ఇంజను పాడవ్వడం అరుదు. వెనక్కి పంపించేవి చాలావరకు మన పని వల్ల బండికి వచ్చినవే.

*క్యారియర్*

మొదట దీని గురించే చెప్పాలి. ఆకు మూటలు కట్టడానికి, గూళ్ల సంచులు వేయడానికి వెనక ఇనుప క్యారియర్ చేయిస్తాం. దానికోసం ఎడమ పక్కనున్న చీర గార్డు కోసేస్తాం, సీటు వెనక పట్టుకునే కడ్డీ తీసేస్తాం, ఒక్కోసారి వెనక ఫుట్‌రెస్టు కూడా అడ్డమని విప్పేస్తాం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం సరిగ్గా ఈ మూడింటినే అడుగుతుంది. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకోను కడ్డీ, కాలు పెట్టుకోను ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు. ఇవి లేని బండిని ఇన్‌స్పెక్టరు దూరం నుంచే చూసి పక్కన నిలబెట్టేస్తాడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆకు కోతకు వచ్చే ఆడవాళ్లని తెల్లవారితే అదే బండి మీద తోటకు తీసుకుపోయేది మనమే. చీర కొంగు చక్రంలో చుట్టుకుని కింద పడ్డవాళ్లు ప్రతి ఊర్లోనూ ఉన్నారు. కొందరు తనిఖీ రోజుకు మాత్రం పాత గార్డు బోల్టు వేసి, ఇంటికి రాగానే విప్పేస్తారు. అట్లా చేయొద్దని మా మాట. వెల్డింగు చేసే అతనికి చెప్తే గార్డు అట్లే ఉంచి, దాని బయటి నుండి కొక్కెం వచ్చేటట్టు చేసిస్తాడు. ఇనుము కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే.

ఇంకొక సంగతి, క్యారియర్‌ను నేరుగా ఛాసిస్‌కు వెల్డు చేయించకండి. వేడికి ఆ గొట్టం బలం తగ్గుతుంది, నాలుగైదేళ్లకు వెల్డు పక్కనే సన్న పగులు వస్తుంది. పైన రంగు ఉంటుంది కాబట్టి కనబడదు. బండిని కడిగి ఎండబెట్టి, వెనక షాకబ్జార్బర్ పై బోల్టు దగ్గర, సీటు కింద, టార్చి వేసి చూడండి. తుప్పు గీత ఒకటి సన్నగా కనబడితే అది పగులే. తయారైనప్పుడు లేనిది ఛాసిస్‌కు శాశ్వతంగా అతికిస్తే 52వ సెక్షన్ కింద మార్పు అంటారు. బోల్టులతో బిగించేదైతే విప్పి చూపించను వీలుంటుంది. ఏ వెల్డింగు చేయించినా ముందు బ్యాటరీ వైరు పీకేయాలి, సీడీఐ కనెక్టరు కూడా. పీకకుండా చేయించి సీడీఐ కాలబెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

వెనక పెట్టె పెట్టుకోవచ్చా అని కొందరు అడిగారు. 2020లో నియమం మార్చి పెట్టుకోవచ్చన్నారు. పొడవు 550 మిల్లీమీటర్లు, వెడల్పు 510, ఎత్తు 500 దాటకూడదు. వెనక మనిషి కూర్చునే చోట పెట్టె పెడితే నడిపేవాళ్లు ఒక్కరే పోవాలి. మన ఆకు మోపు ఈ కొలతల్లో ఎట్లాగూ ఇమడదు, కానీ గూళ్ల సంచులకు ఈ మాత్రం చాలు.

క్యారియర్ మాట వచ్చింది కాబట్టి బండికి సంబంధం లేని ఒక మాట చెప్పేస్తాం. టమాటాకు మందు కొట్టే డబ్బా, ట్యాంకు తెచ్చిన క్యారియర్ మీదే సాయంత్రం ఆకు మోపు కట్టకండి. కారిన మందు ఆకుకు అంటితే పురుగు వాంతి చేసుకుని పడిపోతుంది, ఆ పంట అంతటితో సరి. కడిగి, ఆకు కింద వేరే గోనె పట్టా వేసి కట్టండి.

*బ్రేకులు, టైర్లు*

స్ప్లెండర్‌కు రెండు పక్కలా డ్రమ్ము బ్రేకులే. వెనక బ్రేకు ప్లేటు మీద, బ్రేకు చేయి దగ్గర, ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది. పెడలు గట్టిగా తొక్కి పట్టినప్పుడు ఆ బాణం ప్లేటు మీదున్న గుర్తుకు ఎదురుగా వచ్చిందంటే బ్రేకు షూ అయిపోయినట్టు. రాడ్డు నట్టు ఎంత తిప్పినా లాభం లేదు, షూ మార్చాల్సిందే. చాలామంది నట్టు తిప్పుతూనే పోతారు. వెనక పెడలుకు 20 నుండి 30 మిల్లీమీటర్లు, ముందు లివరుకు 10 నుండి 20 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. మన బండ్లలో ఇంకొకటి ఉంది. ముందు బ్రేకును మనం వాడేదే లేదు. మోపు వేసుకుని మట్టి బాటలో ముందు బ్రేకు పడితే జారుతుందని భయం. వాడక వాడక కేబులు లోపల తుప్పు పట్టి బిగుసుకుని ఉంటుంది. తనిఖీలో రెండూ పట్టి చూస్తారు. కేబులు మార్చడం పావుగంట పని.

వెనక డ్రమ్ము తడి ఆకు కారిన నీళ్లతో, బురదతో నిండుతుంది. షూ ఉన్నా పట్టదు. తనిఖీకి వారం ముందే విప్పించి, దుమ్ము తుడిచి, కామ్‌కు కొంచెం గ్రీజు పెట్టించి పెట్టుకుంటే ఆ వారంలో షూ డ్రమ్ముకు సర్దుకుంటుంది. ముందురోజు విప్పించుకుని పోతే సరిగ్గా పట్టక ఇబ్బంది అవుతుంది.

టైరు సంగతికి వస్తే, గాడి లోతు ద్విచక్ర వాహనానికి 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడిలో అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానం అయితే మార్చేయాలి. కొనేటప్పుడు సైజు 2.75-18 అని అడిగి ఊరుకుంటాం. పక్కన ఇంకో అంకె ఉంటుంది, దాన్ని చూడం. ముందు టైరు 42పీ, వెనకది 48పీ. 42 అంటే ఆ టైరు 150 కిలోలు మోస్తుంది, 48 అంటే 180 కిలోలు. అంగట్లో ఒకటే ధర చెప్పి రెండు పక్కలా 42 వేసి పంపేస్తారు. బండి వెనక సగం బరువు, మనిషి, దాని మీద పచ్చి కొమ్మల మోపు. 42 టైరు పక్క గోడ ఏడాదికే పగుళ్లు ఇస్తుంది. ఇన్‌స్పెక్టరు ఆ పగుళ్లు చూస్తాడు. ఆయన చూడకపోయినా, మార్కెట్టు దారిలో టైరు పగిలితే నడిరోడ్డున ఎండలో గూళ్ల సంచులు పెట్టుకుని కూర్చోవాలి. సంచిలో వేడి పట్టి గూడు చెమర్చిందంటే రీలరు ఆ గూడు వైపు చూడనే చూడడు.

పుల్లలు కూడా వేలితో మీటి చూడండి. గట్టిగా ఉన్నది టంగుమంటుంది, వదులైనది మొద్దుగా మోగుతుంది. వదులు పుల్లలతో తిరిగితే రిమ్ము వంకర పోతుంది, అప్పుడు ఖర్చు రిమ్ముకు.

*సున్నం, బ్లీచింగు*

మిగతా రైతుల బండ్లకు లేని తుప్పు మన బండ్లకు ఎందుకొస్తుందో చాలామంది ఆలోచించరు. పంట పంటకూ షెడ్డు కడుగుతాం. 0.3 శాతం సున్నపు నీళ్లలో 2 శాతం బ్లీచింగు పౌడరు కలిపి కొడతాం. బండి మాత్రం షెడ్డు వరండాలోనే ఉంటుంది. బ్లీచింగు నుండి వచ్చే క్లోరిను గాలికి చైను, పుల్లలు, కేబుళ్లు, సైలెన్సరు అన్నీ తుప్పు పడతాయి. పౌడరు బస్తాను బండి పక్కనే పెట్టేవాళ్లు ఇంకా నష్టపోతారు. మందు కొట్టే రెండు రోజులు బండిని ఇంటి ముందుకు మార్చండి, బస్తా వేరే గదిలో పెట్టండి.

సైలెన్సరు కింది వైపు తుప్పుకు చిల్లు పడితే శబ్దం మారుతుంది, పొగ పరీక్షలో కూడా తేడా వస్తుంది. చిన్న చిల్లయితే వెల్డు చేయించొచ్చు. చైను మధ్యలో వేలితో ఎత్తితే సుమారు ఒక అంగుళం ఆడాలి. వెనక పళ్ల చక్రం దగ్గర చైనును వెనక్కి లాగి చూడండి, పళ్ల మధ్య వెలుతురు కనబడితే చైను, రెండు పళ్ల చక్రాలు కలిపి సెట్టుగా మార్చాలి. ఒక్క చైనే మారిస్తే ఆరు నెలల్లో మళ్లీ అదే పని.

తుప్పు వల్ల వచ్చే పెద్ద తలనొప్పి ఛాసిస్ నంబరు. అది హ్యాండిలు తిరిగే గొట్టం పక్కన కొట్టి ఉంటుంది. తనిఖీలో దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసుకుంటారు. తుప్పు, గ్రీజు, పైన కొట్టిన రంగు వల్ల అంకెలు పడకపోతే పని అక్కడే ఆగిపోతుంది. గీకకండి, ఉప్పు కాగితం అసలు వేయకండి. అంకె చెరిగితే దొంగ బండి అనే అనుమానం వస్తుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మెత్తని బ్రష్షుతో రుద్ది, మీరే ఇంట్లో ఒక అచ్చు తీసి చూసుకోండి. ఇంజన్ నంబరు కింద ఇంజన్ కేసు మీద ఉంటుంది, అక్కడ ఎక్కువగా అడ్డం వచ్చేది బురదే.

*లైటు, హారను, బ్యాటరీ*

పాత స్ప్లెండర్‌కు బ్యాటరీ లేకున్నా కిక్కు కొడితే స్టార్టు అవుతుంది, హెడ్‌లైటు కూడా ఇంజన్ తిరిగితే వెలుగుతుంది. అందుకే బ్యాటరీ పోతే మనవాళ్లు దాన్ని తీసి పక్కన పెట్టేసి అట్లే తిరుగుతారు. కానీ హారను, ఇండికేటర్లు, బ్రేకు లైటు నడిచేది బ్యాటరీ మీదే. తనిఖీలో ఈ మూడూ ఒకేసారి ఫెయిలు. ఇండికేటర్లు ఒక్కటొక్కటిగా మార్చే ముందు బ్యాటరీ చూడండి. బండి నిలబెట్టినప్పుడు హెడ్‌లైటు మసకబారడం ఈ మోడలుకు మామూలే, దానికి భయపడొద్దు. వెనక ఎర్ర లైటు దూరం నుండి కనబడాలని నియమం. మోపు కడితే అది మూసుకుపోతుంది. తెల్లవారుజామున చీకట్లో మార్కెట్టుకు బయలుదేరేవాళ్లం, వెనక వచ్చే లారీవాడికి మనం కనబడేది ఆ ఒక్క లైటుతోనే. క్యారియర్ చివర ఎర్ర రిఫ్లెక్టరు అంటించండి.

*పొగ*

2000 మార్చి తర్వాత తయారైన నాలుగు స్ట్రోకుల బైకుకు కార్బన్ మోనాక్సైడు 3.5 శాతం, హైడ్రోకార్బన్ 4,500 పీపీఎం లోపల ఉండాలి. రెండు స్ట్రోకుల ఎక్సెల్ లాంటివాటికి హైడ్రోకార్బన్ 6,000 దాకా ఒప్పుకుంటారు. మొదటి అంకె ఎక్కువైతే ఎయిర్ ఫిల్టరు మూసుకుందని, లేదా కార్బొరేటరు పెట్రోలు ఎక్కువ పోస్తుందని. మన బండ్లలో చాలావరకు ఫిల్టరే. రెండోది ఎక్కువై, పొగ నీలంగా ఉంటే ఆయిలు కాలుతోందని అర్థం, రింగులో వాల్వు సీలో మెకానిక్కు చూడాలి. బండిని పది నిమిషాలు నడిపి వేడి చేశాకే పరీక్షకు పెట్టండి. ఈ సర్టిఫికెట్టు పాత బండ్లకు ఆరు నెలలే చెల్లుతుంది.

*కాగితాలు*

ఇక్కడ మనకు ఇంకో చిక్కు ఉంది. చాలా బండ్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉన్నాయి, ఆయన ఉండరు. ముందు 31వ నంబరు ఫారంతో పేరు మార్చుకోవాలి, పొడిగింపు ఆ తర్వాతే. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అట్లే ఉంటుంది. దానికి 35వ ఫారం, బ్యాంకు ఇచ్చే పత్రం కావాలి. పదిహేనేళ్ల కిందటి అప్పుకు ఆ పత్రం తీసుకోను బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలుసు, కాబట్టి అది ముందు మొదలుపెట్టండి. కుప్పం, పలమనేరు, హిందూపురం వైపు నుండి బంధువుల దగ్గర కొన్న ఆంధ్రా నంబరు బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆఫీసు నుండి 28వ ఫారంతో అనుమతి పత్రం తేవాలి. కర్ణాటకలో 2019 ఏప్రిల్‌కు ముందటి బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు వేయించాలన్నారు, అది కూడా చూసుకోండి. ఇన్సూరెన్సులో మూడో వ్యక్తి పాలసీ ఒక్కటైనా నడుస్తూ ఉండాలి. ఈ సైజు ఇంజనుకు 2022లో నిర్ణయించిన ధర ఏడాదికి 714 రూపాయలు, పన్ను వేరే.

ఫెయిలైతే బండి లాక్కోరు. లోపం ఏదో చెప్తారు, సరిచేసి మళ్లీ తీసుకుపోవాలి. ఏం చెప్పారో కాగితం మీద రాయించుకుని రండి, నోటిమాటగా వింటే మెకానిక్కు దగ్గరికి వచ్చేసరికి సగం మరిచిపోతాం.

ఇంత ఖర్చు పెట్టాలా, కొత్తది కొనాలా అన్నది ఛాసిస్ చూసి తేల్చుకోండి. బ్రేకు, చైను సెట్టు, టైర్లు, బ్యాటరీ అన్నీ మార్చినా కొత్త బండి ధరలో చిన్న భాగమే. ఛాసిస్ పగిలి ఉన్నా, స్వింగ్ ఆర్ము వదులై వెనక చక్రం అటూ ఇటూ ఊగుతున్నా, మా అభిప్రాయంలో ఆ బండి మీద మోపు వేయకూడదు, దానికి ఫీజు కట్టడం కూడా దండగ.

25వ ఫారంతో అర్జీ పెట్టుకోను తేదీకి అరవై రోజుల ముందు నుండి వీలుంది. స్లాటు తీసుకునేటప్పుడు మీ పంట లెక్క చూసుకోండి. నాలుగో జ్వరం లేచిన తర్వాత ఆ వారం పది రోజుల్లోనే పురుగు తన మొత్తం ఆకులో నూటికి ఎనభై పైన తింటుంది. ఆ రోజుల్లో బండిని ఆఫీసు ముందు నిలబెట్టుకుంటే ఇంట్లో ఆకు మోసేవాళ్లుండరు. గూడు అమ్మిన తర్వాత, షెడ్డు కడిగి ఆరబెట్టే రోజుల్లో మెకానిక్కు దగ్గర వదలండి, చాకీ పురుగు రాకముందే తనిఖీ ముగించుకోండి. ఈ నెల ఆర్సీ ముగిసేవాళ్లు గుంపులో పేరు, ఊరు పెట్టండి. ఒకే వైపు వాళ్లయితే ఒకే రోజు స్లాటు తీసుకుని కలిసి పోవచ్చు.